పందికొక్కు ఏ లింగం?

ఉగాది వేడుకల్లో పిల్లలకి క్విజ్ పెడుతున్నాం, తెలుగు మీద ఓ పది ప్రశ్నలు రాసివ్వండి అని ఇక్కడి తెలుగు సంఘాల్లో ఒకదాని వాళ్ళు అడిగారు. పగలంతా క్లయింట్లకి స్లైడ్లు చేసిపెట్టేవాడికి పది ప్రశ్నలు ఒక లెక్కా? ఒక్క రాత్రిలో రాసి పంపాను. వారం తిరక్కుండా సవరించిన ప్రతి వెనక్కొచ్చింది. నా పదిట్లో తొమ్మిది ఉన్నాయి.

తీసేసిన ప్రశ్న: "జంతుశాస్త్రంలో ఒక ప్రజాతికి లాటిన్ పేరుగా మారిన తెలుగు మాట ఏది?" జవాబు: పందికొక్కు.

దాని బదులు చేర్చిన ప్రశ్న: "లాటిన్ 'మస్', ఇంగ్లీషు 'మౌస్' ఏ సంస్కృత పదం నుంచి పుట్టాయి?" జవాబు: మూషికం.

అంటే నిజాన్ని తీసేసి దాని కుర్చీలో అబద్ధాన్ని కూర్చోబెట్టారు. అదీ ఎలుక బదులు ఎలుకనే! నాకు ఒళ్ళు మండింది. ఈ గోలంతా అందుకే.

ఫోన్ చేస్తే మూడు కారణాలు చెప్పారు. ఒకటి, అది తిట్టు. ప్రజల సొమ్ము పందికొక్కుల్లా మేస్తున్నారని పేపర్లో రాస్తారు, దాన్ని పిల్లల చేత స్టేజి మీద పలికిస్తామా? రెండు, అందులో పంది ఉంది. మనం ఉన్న దేశమేమిటి? సంఘంలో ముస్లిం సభ్యులేమనుకుంటారు? మూడోది గొంతు తగ్గించి చెప్పారు. "మన భాష గొప్పతనం చెప్పడానికి పందికొక్కే దొరికిందా సార్? ఏదైనా మంచి మాట చూడండి."

రెండోదాని సంగతి ముందు తేల్చేస్తాను. ఆ సంఘంలోనే ఉన్న కడప మిత్రుడొకాయన, ఐదు పూటలా నమాజు చేసే మనిషి, ఇది విని పకపకా నవ్వాడు. "మా ఇంట్లో వడ్ల బస్తాలు కొరికితే మా అమ్మ దాన్ని ఏమని తిట్టిందనుకున్నావు? పేరులో పంది ఉంటే ఎలుక పందయిపోతుందా?" అన్నాడు. ఆయన్ని అడక్కుండానే ఆయన తరఫున వీళ్ళు నొచ్చుకున్నారన్నమాట.

ఇక మూషికం. లాటిన్ మస్, గ్రీకు మూస్, సంస్కృతం మూష్, ఇంగ్లీషు మౌస్ చుట్టాలే, కాదనను. కానీ తల్లీకూతుళ్ళు కారు, అక్కచెల్లెళ్ళు. వీళ్ళందరి తల్లి మూల ఇండో-యూరోపియన్ అని పండితులు పేరుపెట్టిన ఒక పాత భాష. రోమనులు ఎలుకకి పేరు లేక మన దగ్గరికొచ్చి అప్పు చేసుకోలేదు. పిల్లల లెక్కలో చెప్పాలంటే, మీ పెద్దమ్మ కూతురి ముక్కు మీ ముక్కులా ఉందంటే ఆమె మీ ముక్కు ఎత్తుకుపోయినట్టు కాదు. పైగా ఇది తెలుగు భాష మీద క్విజ్. మన ద్రావిడ మాట ఎలుక. తమిళంలో ఎలి, కన్నడంలో ఇలి. మూషికం మనం సంస్కృతం నుంచి తెచ్చుకున్న మాట. అరువు నగ పెట్టుకుని, అది పక్కింటికి మేమే చేయించామని చెప్పుకోవడం ఏం మర్యాద?

పందికొక్కు సంగతి అలా కాదు. ఇది రశీదు ఉన్న అప్పు. సి.పి. బ్రౌన్ 1852 నిఘంటువులో మాట ఉంది. యూల్, బర్నెల్ 1886లో అచ్చువేసిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు బాండికూట్ అనే ఇంగ్లీషు మాట తెలుగు పందికొక్కు చెడి ఏర్పడిందని స్పష్టంగా చెప్పింది. ఆధునిక నిఘంటువులూ అదే చెబుతాయి.

నాకు మాత్రం ఇంకో సాక్ష్యం బతాలో దొరికింది. మా వంటింట్లో ఎలుక దూరితే జిగురు అట్టలు కొనడానికి శుక్రవారం సాయంత్రం అక్కడికి వెళ్ళాను (క్విజ్ గొడవ జరుగుతుండగానే ఎలుక దూరడం దైవలీల). బతా తెలియని తెలుగువాడు రియాద్‌లో ఉండడు. ఊరికి డబ్బు పంపాలన్నా, కరివేపాకు కావాలన్నా, సెలవురోజు మన మొహం ఒకటి చూడాలన్నా అక్కడికే. మలయాళీల కొట్లు ఒకవైపు, యెమెనీల కొట్లు ఒకవైపు. నేను అట్టలు కొన్న కొట్టు మలయాళీది. మా తెలుగులో దీన్ని పందికొక్కు అంటాం అని చెబితే అతను విరగబడి నవ్వాడు. మలయాళంలో కొక్కు అంటే కొంగట! పంది వాళ్ళకి పన్ని. అతనికి నా మాట పంది-కొంగలా వినిపించింది. తమిళంలోనూ కొక్కు కొంగే. ఈ జంతువుని మలయాళీలు పెరుచ్చాళి అంటారు, పన్నియెలి అనీ అంటారు. అంటే కొక్కు ఎలుక కావాలంటే ఆ మాట చెప్పినవాడు తెలుగువాడై ఉండాలి. ఇంగ్లీషువాడు ఈ పేరు కొచ్చిన్‌లోనో తంజావూరులోనో ఎత్తుకోలేదు, మన నోటి నుంచే ఎత్తుకున్నాడు.

మరి 'ప' ఎందుకు 'బ' అయింది? పక్క కొట్టు యెమెనీ ఆయన మా గోల విని ఏమిటది అన్నాడు. చెప్పాను. "బందికొక్కు?" అన్నాడు. అరబ్బీలో 'ప' లేదు కదా, పెప్సీ బెబ్సీ అయినట్టే ఇదీ. ఇంగ్లీషువాడికి 'ప' ఉంది గానీ మాట మొదట్లో దాన్ని ఊపిరి వదిలి, ఇంచుమించు మన 'ఫ'లా ఒత్తి పలుకుతాడు. ఊపిరి లేని మన 'ప' వాడి చెవికి 'బ'లా తోస్తుంది. మాట చెడింది తెలుగువాడి నాలుక మీద కాదు, వాడి చెవిలో.

అందుకు కోపం తెచ్చుకోనక్కర్లేదు. మనం నిలబడ్డ చోటు పేరే చూడండి. అరబ్బీలో అది బత్‌హా. వాన వస్తే నీళ్ళు పారే, ఇసుకా గులకరాళ్ళూ నిండిన వాగు నేల అని అర్థం. నిజంగానే ఒకప్పుడు అక్కడ వాగు ఉండేది. ఇప్పుడు దాని మీద రోడ్డు, రోడ్డు కింద మెట్రో. గొంతులోంచి రావలసిన 'హ'ని మింగేసి మనం బతా చేసుకున్నాం. ప్రయాణం చేసిన మాట అరుగుతుంది. అరగడం అవమానం కాదు. ఎక్కడినుంచి వచ్చిందో ఇంటివాళ్ళే దాచిపెట్టడం అవమానం.

ఇప్పుడు వ్యాకరణం. భయపడకండి, చిన్నదే.

జంతువుల శాస్త్రీయ నామాలకి మొదలు లిన్నేయస్ 1758 నాటి గ్రంథం. పేరులో రెండు ముక్కలు: మొదటిది ప్రజాతి, రెండోది జాతి. మొదటిది నామవాచకం. లాటిన్‌లో ప్రతి నామవాచకానికీ లింగం ఉంటుంది, రెండో ముక్క విశేషణమైతే ఆ లింగానికి తగ్గట్టు తోక మార్చుకోవాలి. 1800లో బెక్‌స్టైన్ అనే జర్మన్ మన పెద్ద పందికొక్కుకి మస్ ఇండికస్ అని పేరుపెట్టాడు. మస్ పుంలింగం, కాబట్టి ఇండికస్. 1804లో హార్డ్‌విక్ లండన్ లిన్నేయన్ సొసైటీ సంపుటాల్లో మస్ జైగాంటియస్ అన్నాడు, మహాకాయం అని. అదీ పుంలింగమే. 1873లో బ్రిటిష్ మ్యూజియం జాన్ ఎడ్వర్డ్ గ్రే ఇవి మామూలు ఎలుకలు కావని వేరే ప్రజాతి కట్టి, బాండికూట్‌కి చివర 'ఆ' తగిలించి బాండికోటా అన్నాడు. 'ఆ' తోక స్త్రీలింగం. అంతే, ఇండికస్ కాస్తా ఇండికా అయిపోయింది. ఇప్పుడు బాండికోటా ఇండికా పెద్దది. పొలాల్లో కన్నాలు తవ్వి కంకులు దాచేది బాండికోటా బెంగాలెన్సిస్. బెంగాలెన్సిస్‌కి పుంలింగానికీ స్త్రీలింగానికీ ఒకటే రూపం, కనుక దానికి లింగమార్పిడి బాధ తప్పింది.

గమ్మత్తు ఇక్కడుంది. లాటిన్, గ్రీకు కాని భాషల నుంచి ప్రజాతి పేరు తీసుకుని, లింగం ఏమిటో పెట్టినవాడు చెప్పకపోతే ఏం చెయ్యాలి? అంతర్జాతీయ జంతునామకరణ నియమావళి 1999 కూర్పులో 30వ అధికరణం చెబుతుంది: పుంలింగం అనుకోండి, కానీ పేరు చివర 'ఆ' ఉంటే స్త్రీలింగం, 'ఉమ్', 'ఆన్', 'ఉ' ఉంటే నపుంసకం. గ్రే దొరగారు మాటని చెడగొట్టకుండా ఉన్నదున్నట్టు పందికొక్కు అని పెట్టి, లింగం మాట ఎత్తకుండా ఊరుకుని ఉంటే? చివర 'ఉ'. నపుంసకం. పందికొక్కు ఇండికమ్! మన వ్యాకరణంలోనూ అది అమహత్తే. దొర 'ఆ' తగిలించి దాన్ని ఆడది చేశాడు. తెలుగుకి ఏ నష్టమూ లేదు లెండి, మనకి ఆవిడ వచ్చినా వచ్చిందే, పందికొక్కు వచ్చినా వచ్చిందే.

ఇలాంటి ప్రశ్న కదా పిల్లలకి వెయ్యాల్సింది? ఇందులో రెండు వ్యాకరణాలున్నాయి, చరిత్ర ఉంది, నవ్వుంది. పైగా పిల్లలకి ఈ మాట ముందే తెలుసు. 1996లో వచ్చిన ప్లేస్టేషన్ ఆట క్రాష్ బాండికూట్‌లో గెంతే ఆ జంతువుది ఆస్ట్రేలియా. అది ఎలుక కాదు, కడుపుకి సంచి ఉన్న వేరే జీవి. పోలిక చూసి తెల్లవాళ్ళు మన మాట దానికి తగిలించారు. లాటిన్‌లో దాని ప్రజాతి పెరామెలిస్, అంటే సంచి ఉన్న బాడ్జర్. అక్కడే పంది డెక్కల్లాంటి కాళ్ళున్న బాండికూట్ ఒకటి ఉండేది, ఇప్పుడు అంతరించింది. దాన్ని ఇంగ్లీషులో పిగ్-ఫుటెడ్ బాండికూట్ అన్నారు. తెలుగు చేస్తే పందికాళ్ళ పందికొక్కు! ఒక పంది చాలదన్నట్టు.

"మంచి మాట చూడండి" అన్న మూడో కారణానికి యెమెనీ ఆయనే జవాబిచ్చాడు, తెలియకుండానే. మా దగ్గరా ఎడారిలో గెంతే ఎలుక ఉంటుంది, జర్బూ, బెదూలు పట్టుకు తింటారు అన్నాడు. ఆ జర్బూలోంచే లాటిన్ జెర్బిల్లస్ వచ్చింది. పుంలింగం, పైగా ముద్దుపేరు తోక. అదీ బాండికూట్‌లాగే దారి తప్పి వేరే ఎలుకకి అంటుకుంది. ఆయన సిగ్గుపడలేదు. వాళ్ళ బెదూ మాట లాటిన్‌లో ఉందని చెబితే టీ తెప్పించాడు.

మనకెందుకు సిగ్గు? నాకు తెలిసి కారణం ఒకటే. పందికొక్కు అన్న మాట పుస్తకం పట్టుకున్నవాడి నోట పుట్టింది కాదు, పార పట్టుకున్నవాడి నోట పుట్టింది. ఇది చెప్పడానికే ఇంత దూరం తీసుకొచ్చాను.

వాల్టర్ ఇలియట్ పేరు అమరావతి పుణ్యమా అని మనకి తెలుసు. 1845లో అక్కడి స్తూపం తవ్వించి శిల్పాలు మద్రాసు చేర్పించాడు, అవి తర్వాత లండన్ వెళ్ళాయి. ఇలియట్ మార్బుల్స్ అనేవారు. వాటి గురించి మనం కార్చిన కన్నీళ్ళకి కృష్ణా నది పొంగుతుంది. అదే ఇలియట్ అంతకుముందు ధార్వాడ ప్రాంతంలో ఉద్యోగం చేస్తూ ఎలుకలు సేకరించాడు. 1839లో మద్రాసు పత్రికలో వాటి పట్టిక అచ్చువేశాడు. ఆ ఎలుకలని తవ్వి తెచ్చినవాళ్ళు వడ్డెరలు. తెలుగుకి దగ్గరి మాట మాట్లాడే, చెరువులు తవ్వే, రాళ్ళు కొట్టే జనం. కొక్కు కన్నం తవ్వి, లోపల దాచుకున్న గింజలు జాగ్రత్తగా ఏరుకుని తినేవారని ఆయనే రాశాడు. గింజలు దాచే ఆ కొక్కుకి ప్రోవిడెన్స్ అని పేరుపెట్టాడు, ముందుచూపు కలది అని. అంతకుముందే బెంగాలెన్సిస్ అన్న పేరు వచ్చేసింది కనుక ముందొచ్చిన పేరుదే హక్కు అన్న సూత్రం ప్రకారం ఇది నిలవలేదు.

నిలిచింది ఇంకోటుంది. మెత్తటి బొచ్చు ఉండి, పొలాల్లో నల్లరేగడి నెర్రెల్లో బతికే చిన్న ఎలుక. వడ్డెరలు దాన్ని ఇంగ్లీషు అక్షరాల్లో 'మెట్టాడె' అని చదువుకోదగ్గ పేరుతో పిలుస్తారని ఇలియట్ రాసుకున్నాడు. ఆయన పంపిన నమూనాల మీద 1837లో గ్రే అచ్చువేసింది మాత్రం మెల్టాడా. రెండు 'టీ'ల్లో మొదటిది అడ్డగీత పోగొట్టుకుని 'ఎల్' అయిందని చూడగానే తెలుస్తుంది. తర్వాతి పండితులు కొందరు సరిదిద్ది మెట్టాడా అని రాశారు. కానీ మొదట అచ్చయిన వర్ణక్రమానిదే రాజ్యం. ఈనాటికీ దాని పేరు మిల్లార్డియా మెల్టాడా.

ఇందులో వ్యాకరణం చూడండి. మిల్లార్డియా బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ మిల్లార్డ్ దొర పేరు. 1837లోనే గ్రే పేరుపెట్టిన ఇంకో ఎలుక గోలుండా ఎల్లియోటి. ఎల్లియోటి అంటే షష్ఠీ విభక్తి, 'ఇలియట్ యొక్క'. దొరలకి ప్రజాతి దక్కింది, షష్ఠీ విభక్తి దక్కింది. గడ్డపార పట్టి తవ్వి తీసిన వడ్డెరకి విభక్తి లేదు. అతని మాట ఒక్కటి మిగిలింది, అదీ అచ్చుతప్పుతో.

ఆ మాటకి అర్థం? మెత్తని బొచ్చుని బట్టి 'మెత్త' కావచ్చు. మెట్ట పొలాన్ని బట్టి 'మెట్ట' కావచ్చు. ఇంగ్లీషులో రెండూ ఒకేలా రాస్తారు. తెలుగు లిపిలో రాసి ఉంటే ఈ సందేహమే లేదు. అది రాసే ఓపిక దొరకి లేకపోతే పోనీ, మన పండితులకి ఎందుకు లేకపోయింది?

ఆ శుక్రవారమే టీ తాగుతుంటే పాలమూరు వైపు వడ్డెర మేస్త్రీ ఒకాయన పరిచయమయ్యాడు. పద్దెనిమిదేళ్ళుగా ఇక్కడే. 2024 డిసెంబరులో నడవడం మొదలైన రియాద్ మెట్రో పనుల్లో మట్టి తీశాడు. తాతలు చెరువులు తవ్వారు, ఈయన అరబ్బుల వాగు కింద తవ్వాడు. ఈ ఎలుక కథ చెప్పి, మీ ఇళ్ళల్లో ఏమంటారు అని అడిగాను. చాలాసేపు ఆలోచించాడు.

"మా తాతకు ఎరుకుండె సార్. ఏ బొక్కల ఏ ఎలుక ఉన్నదో మన్ను జూసి చెప్పేటోడు. నాకు గిట్ల అన్నీ ఎలుకలే అయిపాయె" అన్నాడు. కాస్త ఆగి, "మా మాట పుస్తకంల ఉన్నదా సార్, నిజంగ?" అని అడిగాడు. ఉందన్నాను. తప్పుగా ఉందని మాత్రం చెప్పలేకపోయాను.

అయ్యా కమిటీవారూ, ఇదీ నా అభియోగం. ప్రపంచ భాషలన్నీ మన సంస్కృతం నుంచే పుట్టాయని ఫార్వర్డులు పంపుకోవడం భాషాభిమానం కాదు, లేని ఆస్తికి వీలునామా రాసుకోవడం. ఉన్న ఆస్తి వడ్డెరల దగ్గర, యానాదుల దగ్గర, రైతుకూలీల దగ్గర ఉంది. వాళ్ళకి ఎలుకల్లో రకాలకి, మట్టిలో రకాలకి, చేపల్లో రకాలకి వేరువేరు పేర్లున్నాయి. మనుమలు గల్ఫ్‌లో మట్టి తీస్తుంటే ఆ పేర్లు తాతలతోనే పోతున్నాయి. రాసిపెట్టుకునే పని ఏ దొరదీ కాదు, మనది. మీ ఊరెళ్ళినప్పుడు ఒక్క పొలంగట్టు మీద ఒక్క పెద్దాయన్ని అడిగి పది పేర్లు రాసుకోండి, తెలుగు అక్షరాల్లో. అది చాలు.

క్విజ్ జరిగింది. మూషికం ప్రశ్న తీసేస్తే తప్ప నా తొమ్మిదీ వాడొద్దన్నాను. అప్పటికే ప్రింటుకి వెళ్ళిపోయిందన్నారు. ఎనిమిదేళ్ళ పాప చెయ్యెత్తి "మూషికం!" అంది. అందరూ చప్పట్లు కొట్టారు, కప్పు కూడా ఇచ్చారు. ఆ పాప తప్పేమీ లేదు. మనం నేర్పిందే చెప్పింది.

భోజనాల దగ్గర ఆ పాప అన్నయ్యని పట్టుకుని, క్రాష్ బాండికూట్‌లో బాండికూట్ ఏ భాష మాటో తెలుసా అని అడిగాను. చెప్పాను. వాడు కాసేపు నన్ను అనుమానంగా చూసి, "పం-ది-కొక్కు" అని కూడబలుక్కున్నాడు. తర్వాత నలుగురు స్నేహితులని వెంటేసుకొచ్చి, "అంకుల్, వీళ్ళకీ చెప్పండి, నమ్మట్లేదు" అన్నాడు.

ఐదుగురికి చెప్పాను. ఏ లింగమో కూడా చెప్పాను.